మన వార్డులో మన మాట: బెంగళూరు స్థానిక పాలనలో మామూలు మనిషికి చట్టం ఇచ్చిన చోటు ఎంత?

2025 సెప్టెంబరు 2న బెంగళూరు నగరపాలిక బీబీఎంపీ చరిత్రలో కలిసిపోయింది. దాని స్థానంలో సెంట్రల్, నార్త్, సౌత్, ఈస్ట్, వెస్ట్ అని ఐదు నగర కార్పొరేషన్లు వచ్చాయి. వాటి పైన ముఖ్యమంత్రి అధ్యక్షతన గ్రేటర్ బెంగళూరు అథారిటీ ఏర్పడింది. మహదేవపుర, కె.ఆర్.పురం వైపు ఇళ్లు కొనుక్కుని స్థిరపడిన తెలుగు కుటుంబాలన్నీ రాత్రికి రాత్రి ఈస్ట్ కార్పొరేషన్ వాసులైపోయాయి. అప్పట్నుంచి ఒకటే అయోమయం. కాలువ పూడిక తీయమని ఎవరిని అడగాలి? వార్డు గీతలు మారితే మనకెవరు చెప్తారు? కార్పొరేటరే లేనప్పుడు వార్డు కమిటీ ఉన్నట్టా, లేనట్టా? అసలు మన ఓటు అనంతపురంలోనో ఒంగోలులోనో ఉంటే ఇక్కడ నోరెత్తే హక్కు మనకుందా?

ఈ ప్రశ్నలన్నిటి కింద ఒక పెద్ద ప్రశ్న ఉంది. ఎన్నికల రోజు ఓటు వేయడం కాకుండా, మిగతా ఐదేళ్లూ ఊరి పాలనలో మామూలు మనిషికి చట్టం ఏ చోటు ఇచ్చింది? నాకు అర్థమైనంతలో జవాబు ఇది. నిర్ణయం తీసుకునే అధికారాన్ని చట్టం మనకి పెద్దగా ఇవ్వలేదు. కానీ నిర్ణయం తీసుకునే ముందు మన మాట వినాలనీ, ఎందుకలా నిర్ణయించారో కాగితం మీద రాయాలనీ చాలా చోట్ల అధికారి మీద బాధ్యత పెట్టింది. ఆ చోట్లు తెలియక చాలామంది అంతా అయిపోయాక నేరుగా హైకోర్టు వైపు చూస్తారు. అప్పటికి కోర్టు చేయగలిగింది కూడా కొంతే.

కార్పొరేషన్ చేతిలో ఏముంది, ఏం లేదు

నగరాల స్వపరిపాలనకి పునాది 74వ రాజ్యాంగ సవరణ. 1992లో పార్లమెంటు ఆమోదించింది, 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దీంతో చేరిన 12వ షెడ్యూలులో 18 పనులు ఉన్నాయి: పట్టణ ప్రణాళిక, రోడ్లు, మంచినీరు, పారిశుద్ధ్యం, మురికివాడల అభివృద్ధి, పార్కులు, శ్మశానాలు, ఇలా. అయితే ఈ 18 పనుల్ని తప్పనిసరిగా నగరపాలికకే అప్పగించాలని రాజ్యాంగం ఆదేశించలేదు. అప్పగించే అధికారం శాసనసభకి ఇచ్చి ఊరుకుంది. అందుకే బెంగళూరులో తాగునీరు, డ్రైనేజీ 1964 చట్టం కింద వచ్చిన జలమండలి చేతిలో ఉన్నాయి. ప్రణాళిక పని 1976 చట్టం కింద పుట్టిన బెంగళూరు అభివృద్ధి ప్రాధికార, అంటే బీడీఏ, చేస్తూ వచ్చింది. కరెంటు బెస్కామ్‌ది, బస్సులు బీఎంటీసీవి. ఇవన్నీ రాష్ట్ర ప్రభుత్వానికి జవాబు చెప్పే సంస్థలు.

ఇది తెలియకపోవడం వల్ల ఎన్ని అర్జీలు వృథా అవుతాయో చెప్పలేం. వీధిలో మురుగు పొంగుతుంటే అది ఇళ్ల నుంచి వచ్చే డ్రైనేజీ గొట్టానిదా, వాననీటి కాలువదా అన్నది మొదట తేల్చుకోవాలి. గొట్టమైతే జలమండలి. ఇక్కడ రాజకాలువె అని పిలిచే వాననీటి కాలువైతే కార్పొరేషన్ వైపు. రెండూ కలిసిపోయి పారే చోట రెండు ఆఫీసులూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటాయి. అలాంటప్పుడు ఒకే అర్జీని ఇద్దరికీ పేర్లు పెట్టి ఇస్తే, ఇది నా పని కాదు అని రాసి ఇవ్వాల్సిన అవసరం కనీసం ఒకరికి పడుతుంది. ఆ ఒక్క ముక్క తర్వాత చాలా పనికొస్తుంది.

అదే సవరణలో 243ఎస్ అధికరణం ఉంది. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరపాలికల్లో వార్డు కమిటీలు ఉండి తీరాలని అది చెప్తుంది. ఎవరు సభ్యులుగా ఉండాలి, ఎలా ఎంచుకోవాలి అన్నది మాత్రం రాష్ట్రానికి వదిలేసింది. పేచీ అంతా ఈ వెసులుబాటు దగ్గరే మొదలైంది.

చెత్త గొడవలోంచి బయటపడ్డ వార్డు కమిటీ

బెంగళూరు వార్డు కమిటీల కథ చెత్తతో ముడిపడి ఉంది. నగరం చెత్తంతా ఊరి బయట మావళ్లిపుర, మండూరు లాంటి పల్లెల మీద గుమ్మరించేవారు. 2012లో మావళ్లిపుర మూతపడటంతో వీధుల్లో చెత్త కుప్పలు పేరుకుపోయాయి. మండూరు జనం కూడా తిరగబడ్డారు. చివరికి 2014 ఆఖరులో అక్కడా లారీలు ఆగాయి. 2012లోనే చెత్త సమస్య మీద హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం, అంటే పిల్, పడింది. తడి చెత్త, పొడి చెత్త ఇంట్లోనే వేరు చేయాలన్న ఆదేశం ఆ విచారణల్లోంచే వచ్చింది. ఏ వార్డు చెత్త ఆ వార్డులోనే చూసుకోవాలంటే అక్కడ అడిగే జనం ఉండాలి కదా అన్న ఆలోచన కూడా ఆ విచారణల్లోనే బలపడింది.

కర్ణాటక 2011లోనే మున్సిపల్ చట్టంలో వార్డు కమిటీలు, వాటి కింద ఏరియా సభలు చేర్చింది. నియమాలు రావడానికి 2016 దాకా పట్టింది. కమిటీలు నిజంగా ఏర్పడింది హైకోర్టు గట్టిగా పట్టుబట్టాక, 2017 తర్వాతే. రూపం ఇలా ఉండేది: కార్పొరేటర్ అధ్యక్షుడు, పదిమంది సభ్యులు. ఆ పదిమందిలో కనీసం ముగ్గురు మహిళలు, ఇద్దరు ఎస్సీ లేదా ఎస్టీ వర్గాల వారు, ఇద్దరు నివాసుల సంఘాల ప్రతినిధులు. నెలకోసారి సమావేశం జరగాలి. చాలా వార్డుల్లో నెల మొదటి శనివారం అని ఖరారైంది.

కాగితం మీద ఇది బాగానే ఉంది. ఆచరణలో కొన్ని వార్డుల్లో కమిటీ నిజంగా పనిచేసింది. వీధి దీపాల జాబితా, గుంతల జాబితా సభ్యులే తయారు చేసి ఇంజనీర్ ముందు పెట్టారు. మరికొన్ని వార్డుల్లో కార్పొరేటర్‌కి కావలసినవాళ్లే సభ్యులయ్యారు, సమావేశం సంతకాలతో ముగిసింది. సభ్యుల పేర్లు ప్రతిపాదించడంలో ఆయన మాటే చెల్లేది. పైగా కమిటీ నిర్ణయాన్ని తోసిపుచ్చే వీలు కూడా 2011 సవరణ అధ్యక్షుడికి ఇచ్చిందని అప్పట్లోనే పౌర సంఘాలు మొత్తుకున్నాయి. కోర్టు కమిటీని పుట్టించగలిగింది. అందులో వాదన జరిగేలా చూడటం కోర్టు చేతిలో లేని పని.

కార్పొరేటర్లు లేని ఏళ్లు: కోర్టు ఎంతవరకు వెళ్లగలిగింది

రాజ్యాంగంలో 243యూ అధికరణం చాలా సూటిగా ఉంటుంది. నగరపాలిక గడువు ఐదేళ్లు, ఆ గడువు ముగిసేలోపే కొత్త ఎన్నికలు పూర్తవ్వాలి. 2015 ఆగస్టులో ఎన్నికైన బీబీఎంపీ కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబరు 10న ముగిసింది. ఎన్నికలు జరగలేదు. అధికారి పాలన మొదలైంది.

మాజీ కార్పొరేటర్లు హైకోర్టుకి వెళ్లారు. 2020 డిసెంబరులో హైకోర్టు 198 వార్డులకే త్వరగా ఎన్నికలు పెట్టమంది. అదే నెలలో సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది. ఈలోగా కొత్త బీబీఎంపీ చట్టం వచ్చి వార్డులు 243 అయ్యాయి. 2022 సెప్టెంబరులో రిజర్వేషన్ల జాబితాను హైకోర్టు కొట్టేసింది. 2023లో ప్రభుత్వం మారాక వార్డులు 225కి తగ్గాయి. ఐదు కార్పొరేషన్లు వచ్చాక మొత్తం 369 అయ్యాయి. బీబీఎంపీ రద్దయ్యే రోజు వరకు, అంటే దాదాపు ఐదేళ్లు, ఎన్నికైన కౌన్సిల్ అన్నదే లేదు.

రాజ్యాంగంలో అంత స్పష్టంగా రాసి ఉంటే ఇదెలా సాధ్యమైంది అని ఎవరికైనా కోపం వస్తుంది. నాకూ వచ్చింది. దీని వెనక రెండు మెలికలున్నాయి. మొదటిది 243జెడ్‌జీ అధికరణం: వార్డుల సరిహద్దులు, సీట్ల కేటాయింపుకి సంబంధించిన చట్టాల చెల్లుబాటును కోర్టుల్లో ప్రశ్నించకూడదని అది అంటుంది. ఎన్నిక అయ్యాక మాత్రమే ఎలక్షన్ పిటిషన్ వేసుకోవాలి. కోర్టులు దీన్ని అక్షరాలా పట్టుకుని ఊరుకోవు గానీ, జాగ్రత్తగా అడుగేస్తాయి. రెండోది, వార్డులు మళ్లీ విభజించాలి, బీసీ రిజర్వేషన్ల లెక్క తేల్చాలి అని ప్రభుత్వం చెప్పిన ప్రతిసారీ అది న్యాయమైన కారణంలాగే కనిపిస్తుంది. బీసీ కోటాకి ప్రత్యేక కమిషన్, గణాంకాలు ఉండాలని 2021లో సుప్రీంకోర్టే చెప్పింది కూడా.

ఇంకోవైపు 2006లో అహ్మదాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ కేసులో, 2022లో మధ్యప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: ఐదేళ్ల గడువు దాటకూడదు, విభజన పూర్తికాలేదన్నది వాయిదాకి సాకు కాకూడదు. సూత్రం పౌరుల వైపే ఉంది. అమలు మాత్రం ఒక్కో వాయిదాతో జారిపోయింది. కార్పొరేటర్లు లేకపోతే వార్డు కమిటీ కూడా తల లేని మొండెంలా మిగిలింది. కార్పొరేటర్ బదులు వార్డు చూసే నోడల్ అధికారులు కూర్చున్న చోట సమావేశాలు జరిగాయి, కూర్చోని చోట ఆగిపోయాయి.

అభ్యంతరం చెప్పే గడువు: అందరూ వదిలేసుకునే చోటు

ఇక అసలు విషయానికి వద్దాం. పెద్ద నిర్ణయాలు చాలావాటికి చట్టం ఒక కిటికీ పెట్టింది. ముసాయిదా ప్రకటించాలి, ఇన్ని రోజుల్లో అభ్యంతరాలు చెప్పమనాలి, వచ్చినవాటిని పరిశీలించాలి. వార్డు సరిహద్దుల ముసాయిదాకి ఇది ఉంది. మాస్టర్ ప్లాన్‌కి ఉంది. ఇళ్లున్న చోటును వ్యాపార స్థలంగా మార్చాలంటే 1961 పట్టణ ప్రణాళిక చట్టం కింద పత్రికా ప్రకటన ఇవ్వాలి. యాభైకి మించి చెట్లు కొట్టాలంటే 1976 కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం కింద వృక్ష అధికారి బహిరంగంగా నోటీసు ఇచ్చి అభ్యంతరాలు తీసుకోవాలి.

ఈ కిటికీ తెరిచి ఉండేది కొద్ది రోజులే. నోటీసు తరచుగా కన్నడంలో, పత్రికలో ఏ మూలనో పడుతుంది. తెలుగు ఇంట్లో దాన్ని చూసేవాళ్లు తక్కువ. అయితే ఆ గడువులో ఇచ్చిన ఒక పేజీ అభ్యంతరానికి, తర్వాత ఇచ్చిన వంద పేజీల పిటిషన్‌కి లేని బరువు ఉంటుంది. కారణం ఇది: అభ్యంతరం రికార్డులోకి ఎక్కాక దాన్ని పట్టించుకోకుండా నిర్ణయం తీసుకుంటే, ఆ నిర్ణయమే చట్టం ముందు బలహీనపడుతుంది. ఇది మంచి నిర్ణయమా కాదా అని కోర్టు సాధారణంగా అడగదు. చేయాల్సిన పద్ధతిలో చేశారా, వినాల్సినవాళ్లని విన్నారా, కారణం రాశారా అని అడుగుతుంది.

స్టీల్ ఫ్లైఓవర్ ఉదంతం దీనికి మంచి ఉదాహరణ. బసవేశ్వర సర్కిల్ నుంచి హెబ్బాళ దాకా 6.7 కిలోమీటర్ల ఉక్కు వంతెన, దాదాపు 1,800 కోట్ల ఖర్చు, 800కి పైగా చెట్లు పోతాయని అంచనా. 2016 అక్టోబరు 16న వేలమంది రోడ్డు పక్కన మానవహారం కట్టారు. అదే సమయంలో చట్టం వైపు నుంచి రెండు ప్రశ్నలు నడిచాయి. పర్యావరణ అనుమతి సంగతేమిటని హరిత ట్రిబ్యునల్‌లో ఒకటి. పది లక్షలు దాటిన మహానగరానికి రాజ్యాంగం 243జెడ్‌ఈ కింద మెట్రోపాలిటన్ ప్లానింగ్ కమిటీ ఉండాలి కదా, అది చూడకుండా ఇంత ప్రాజెక్టు ఎలా తెచ్చారని హైకోర్టులో మరొకటి. ట్రిబ్యునల్ తాత్కాలికంగా పని ఆపింది. 2017 మార్చిలో ప్రభుత్వమే ప్రాజెక్టు వదులుకుంది. తుది తీర్పు అవసరం పడలేదు. వీధిలో జనం, కాగితం మీద పద్ధతి ప్రశ్న, రెండూ ఒకేసారి నిలబడటమే అక్కడ పనిచేసింది.

ఒక వీధి, ఒక కాలువ: మెట్లు ఎలా ఉంటాయి

ఊహించిన ఉదాహరణ ఒకటి తీసుకుందాం. కె.ఆర్.పురం వైపు ఒక లేఅవుట్. కాలువ గోడ కూలింది, ప్రతి వానకీ మోకాలి లోతు నీళ్లు ఇళ్లలోకి. అక్కడ ఉండే ఒక టీచరమ్మ, కదిరి నుంచి వచ్చి పిల్లల చదువు కోసం స్థిరపడ్డ మనిషి, యాప్‌లో ఫిర్యాదు పెట్టారు. పరిష్కరించబడింది అని మెసేజ్ వచ్చింది. గోడ మాత్రం అలాగే ఉంది.

మొదటి మెట్టు రాతపూర్వక అర్జీ. ఆఫీసులో ఇచ్చి, నకలు మీద అర్జీ అందినట్టు ఇన్‌వార్డ్ నంబరు, సీలు, తేదీ వేయించుకోవాలి. చిన్న విషయంలా ఉంటుంది గానీ, అడిగాం, వాళ్లు చేయలేదు అని తర్వాత ఎక్కడైనా నిరూపించేది ఈ నకలే. హైకోర్టులో మాండమస్, అంటే నీ విధి నువ్వు చెయ్యి అనే ఆదేశం, కోరాలంటే ముందు అడిగినట్టు, జవాబు రానట్టు చూపించాలి.

రెండోది సమాచార హక్కు. ఇక్కడే చాలామంది ప్రశ్న తప్పు వేస్తారు. "గోడ ఎందుకు కట్టలేదు, దీనికి బాధ్యులెవరు?" అని రాస్తే సమాధానం రాదు, ఎందుకంటే చట్టం ఇచ్చేది ఆఫీసులో ఉన్న కాగితమే తప్ప వివరణ కాదు. "ఫలానా రోడ్డు పక్క కాలువ పనికి గత మూడేళ్లలో ఇచ్చిన వర్క్ ఆర్డర్లు, ఎం.బి. పుస్తకంలో ఆ పని కొలతలున్న పేజీలు, చెల్లించిన బిల్లుల నకళ్లు ఇవ్వగలరు" అని రాస్తే దాటవేయడం కష్టం. ఎం.బి. అంటే ఇంజనీర్లు చేసిన పని కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్. కర్ణాటకలో అర్జీ ఒకే విషయం మీద, 150 మాటల లోపు ఉండాలన్న నియమం ఉంది, ఫీజు 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లో సమాచార కమిషన్‌కి రెండోది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. జరుగుతున్న పనిని వెళ్లి తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనా అధికారికంగా తీసుకునే హక్కు కూడా ఈ చట్టం 2(జె) సెక్షన్‌లోనే ఉన్నాయి. గోడకి వేసిన కాంక్రీటు ముక్క అడగవచ్చన్నమాట.

టీచరమ్మకి వచ్చిన ఎం.బి. నకలులో ఆ గోడ రెండేళ్ల కిందటే కట్టినట్టు, కొలతలు తీసినట్టు, బిల్లు అయినట్టు ఉందనుకోండి. ఇప్పుడు విషయం మారిపోయింది. ఇది అవినీతి ఫిర్యాదు. 1984 చట్టం కింద ఉన్న లోకాయుక్త దారి తెరుచుకుంది. అసలు పనే మంజూరు కాలేదని వస్తే దారి వేరు.

అప్పుడు మూడు తలుపులున్నాయి. ఒకటి పర్మనెంట్ లోక్ అదాలత్. నీటి సరఫరా, కరెంటు, పారిశుద్ధ్యం లాంటి ప్రజా సేవల వివాదాలు అక్కడ నడుస్తాయి, కోర్టు ఫీజు ఉండదు. ముందు రాజీకి ప్రయత్నిస్తారు, కుదరకపోతే కేసు విని నిర్ణయం కూడా చెప్పగలరు. అదే వివాదం అప్పటికే కోర్టులో ఉంటే మాత్రం ఇక్కడికి రాదు. రెండోది ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్. ప్రజలకి ఇబ్బంది కలిగించే దాన్ని తొలగించమని బీఎన్ఎస్ఎస్, అంటే కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, 152వ సెక్షన్ కింద ఆదేశించవచ్చు. పాత సీఆర్‌పీసీలో ఇదే 133. 1980లో రత్లాం మున్సిపాలిటీ కేసు దీని మీదే వచ్చింది. మురుగు కాలువలు కట్టడానికి డబ్బుల్లేవని పాలిక చెప్తే, ప్రజారోగ్యం విషయంలో ఆ సాకు చెల్లదని సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ తేల్చి చెప్పారు. ఆ కేసు మొదలుపెట్టింది ఆ వీధి జనమే.

మూడోది హైకోర్టు, రిట్ పిటిషన్ వేసే వీలిచ్చే 226 అధికరణం. ఇక్కడ ఎక్కువగా వచ్చే ఆదేశం "పిటిషనర్ అర్జీని చట్టప్రకారం పరిశీలించి ఇన్ని వారాల్లో నిర్ణయించండి" అన్నది. దీని మీద న్యాయవాదుల్లోనే రెండు అభిప్రాయాలున్నాయి. ఇది ఖాళీ ఆదేశం, అధికారి పరిశీలించాను, కుదరదు అని రాసి పంపితే మళ్లీ మొదటికే అని కొందరంటారు. కాదు, ఎందుకు కుదరదో కారణాలు రాయాలి, ఆ కారణాలు నిలబడకపోతే రెండోసారి గెలుపు సులువు, గడువు దాటితే కోర్టు ధిక్కారం అని మరికొందరంటారు. నా మటుకు రెండో మాటే సరైనది, ఒక షరతు మీద: గడువు ముగిసిన తేదీ ఎవరో ఒకరు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోవాలి. ధిక్కార పిటిషన్‌కి ఏడాదే వ్యవధి. చాలామంది తీర్పు వచ్చిన సంతోషంలో దాన్ని వదిలేస్తారు.

గుంతల మీద 2015లో పడిన పిల్‌లో, 2019లో హైకోర్టు ఇంకో అడుగు వేసింది. నడవగలిగే స్థితిలో రోడ్డు ఉండటం జీవించే హక్కులో భాగమని, పాడైన రోడ్డు వల్ల దెబ్బతిన్నవాళ్లు పాలికను పరిహారం అడగవచ్చని చెప్పింది.

ఓటు ఊళ్లో, ఇల్లు ఇక్కడ

మన వాళ్లలో ఎక్కువగా వినిపించే మాట, "మనకిక్కడ ఓటు లేదు కదండీ, మనమేం అడుగుతాం?" ఇది సగమే నిజం. సమాచార హక్కు దేశ పౌరులందరిదీ, ఆ ఊరి ఓటరే అయ్యుండాలని ఎక్కడా లేదు. రిట్ పిటిషన్ వేయడానికి ఓటరు కార్డు అక్కర్లేదు. ముసాయిదా మీద అభ్యంతరం చెప్పడానికి అక్కడ ఉంటున్నానన్న మాట చాలు. ఆర్టీఐ అర్జీ ఇంగ్లీషులో కూడా రాయొచ్చు, హైకోర్టు నడిచేదీ ఇంగ్లీషులోనే. కాబట్టి కన్నడం చదవడం రాకపోవడం నోటీసు దగ్గర అడ్డంకి అవుతుంది గానీ అర్జీ దగ్గర కాదు. పక్కింటి కన్నడ ఆంటీ నోటీసు చదివి చెప్తే ఆ అడ్డంకీ తీరుతుంది.

ఓటు లేకపోతే నిజంగా పోయేది ఒకటుంది: కార్పొరేటర్‌ని ఎన్నుకోవడం, మనలో ఒకరు నిలబడటం. కార్పొరేషన్ ఓటర్ల జాబితా అసెంబ్లీ జాబితా ఆధారంగానే తయారవుతుంది. ఓటు ఇక్కడికి మార్చుకుంటే ఊళ్లో పోతుంది, రెండు చోట్లా ఉంచుకోవడం చట్టం ఒప్పుకోదు. ఊళ్లో పంచాయతీ ఎన్నికలు, అమ్మానాన్నలు, పొలం గట్టు గొడవలు ఉన్న మనిషికి ఇది తేలికైన నిర్ణయం కాదు. అయితే పదిహేనేళ్లుగా ఇక్కడే పన్ను కడుతూ, ఇక్కడి నీళ్ల ట్యాంకర్ కోసం నిలబడుతున్న కుటుంబం దీని గురించి ఒకసారి కూర్చుని మాట్లాడుకోవాలి.

ఎవరి మాట ప్రజల మాట?

ఇక్కడ అసలు చిక్కు ఉంది. బెంగళూరులో చట్టం దారి ఎక్కువగా వాడుకున్నది అపార్ట్‌మెంట్ సంఘాలు, లేఅవుట్ సంఘాలు. వాళ్లకి సమయం ఉంది, లాయర్ పరిచయాలున్నాయి, ఇంగ్లీషు వచ్చు. వాళ్ల పోరాటం వల్ల చెరువులు, చెట్లు కొన్ని నిలిచాయి, కాదనలేం. కానీ ఫుట్‌పాత్ ఖాళీ చేయించండి అని సంఘం వేసిన పిటిషన్‌లో అదే ఫుట్‌పాత్ మీద ఇడ్లీ బండి పెట్టుకున్న కుప్పం మనిషి ఎక్కడున్నాడు? అతను ఆ కేసులో పార్టీయే కాకపోతే, అతని బతుకు గురించి అతను లేకుండానే తీర్పు వస్తుంది.

చట్టం దీన్ని ఊహించకపోలేదు. 2014 వీధి వ్యాపారుల చట్టం, వీధి వ్యాపారాల వ్యవహారాలు చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు వ్యాపారులు తమలోంచి ఎన్నుకున్నవాళ్లే ఉండాలంది, అందులో మూడో వంతు మహిళలు. సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ తొలగించకూడదు. తొలగించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సరుకు పట్టుకెళ్తే జాబితా ఇవ్వాలి, కూరగాయల్లాంటివైతే అడిగిన రోజే తిరిగివ్వాలి. ఒక రకంగా చూస్తే, వార్డు కమిటీ కంటే ఈ కమిటీలో మామూలు మనిషికి ఇచ్చిన చోటు పెద్దది, ఎందుకంటే అక్కడ ప్రతినిధి ఎన్నికై వస్తాడు, ఎవరి దయతోనో నామినేట్ కాడు. దీన్ని పట్టించుకునే తెలుగు సంఘాలు మాత్రం నాకు పెద్దగా కనిపించవు.

పౌరకార్మికుల సంగతీ అంతే. నగరం ఊడ్చే ఆ ఆడవాళ్లలో తెలుగు మాట్లాడే దళిత కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు చాలామంది. వీధి శుభ్రత గురించి వార్డు కమిటీలో చర్చ జరిగితే ఆ వీధిని రోజూ చూసే మనిషి అక్కడ ఉండదు. కాంట్రాక్టర్ల చేతి నుంచి జీతం తప్పించి నేరుగా ఖాతాలో పడేలా చేసుకోవడానికి వాళ్ల యూనియన్లు ఏళ్ల తరబడి ధర్నాలూ కేసులూ రెండూ నడిపాయి. స్థానిక పాలనలో చట్టం దారిన పాల్గొనడానికి ఇంతకంటే గట్టి ఉదాహరణ నాకు తోచదు.

పిల్ మీద ఉన్న విమర్శ కూడా వినాలి. ఎన్నికైనవాళ్లు చేయాల్సిన పని జడ్జీలు చేస్తే, రేపు ఓటరు ఎవరిని నిలదీయాలి అన్నది అందులో బలమైనది. ప్రచారం కోసమో, వ్యాపార పోటీతోనో వేసే పిల్‌లు ఉన్నాయి కాబట్టే, పిటిషనర్ ఎవరో, ఉద్దేశం ఏమిటో ముందు చూడాలని 2010లో బల్వంత్ సింగ్ చౌఫాల్ కేసులో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. దానికి జవాబుగా పౌర సంఘాలు అనేది, ఐదేళ్లు ఎన్నికలే పెట్టనప్పుడు ఓటరు నిలదీయడానికి ఎవరు మిగిలారు అని.

కొత్త చట్టం మీద రెండు వాదనలు

గ్రేటర్ బెంగళూరు పాలన చట్టం 2025 మేలో అమల్లోకి వచ్చింది. కోటి దాటిన నగరాన్ని ఒకే కార్పొరేషన్ మోయలేదు, చిన్న కార్పొరేషన్లయితే కమిషనర్ దగ్గరగా ఉంటాడు, వార్డులు చిన్నవైతే కార్పొరేటర్ అందుబాటులో ఉంటాడు, నీరు, రవాణా, ప్రణాళిక చూసే సంస్థల్ని ఒక బల్ల దగ్గరికి తేవడానికి పైన అథారిటీ కావాలి అన్నది ప్రభుత్వ వాదన. అర్థం లేనిది కాదు. ముఖ్యమంత్రి అధ్యక్షుడిగా ఉన్న అథారిటీ కార్పొరేషన్ల నెత్తిన కూర్చుంటే 74వ సవరణ ఆత్మ దెబ్బతింటుంది, ధనిక ప్రాంతాల కార్పొరేషన్, పేద ప్రాంతాల కార్పొరేషన్ అని తేడాలొస్తాయి అన్నది ఎదుటి వాదన. ఈ చట్టాన్ని సవాలు చేస్తూ హైకోర్టులో పిటిషన్లు పడ్డాయి. వార్డు స్థాయి మనిషికి తక్షణం తేడా చేసేది మాత్రం ఈ రెండు వాదనల కంటే, కొత్త కౌన్సిళ్ల కింద వార్డు కమిటీలు ఎప్పుడు కూర్చుంటాయి, సభ్యుల ఎంపిక ఎంత బహిరంగంగా జరుగుతుంది అన్నదే.

లాయర్ ఖర్చు భరించలేనివాళ్లకి

1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ కింద కొందరికి ప్రభుత్వ ఖర్చుతో లాయర్ దొరుకుతారు. ఎస్సీ, ఎస్టీ వర్గాలవారు, వికలాంగులు, కార్మికులు, నిర్ణీత ఆదాయం లోపు ఉన్నవారు ఇందులోకి వస్తారు. మహిళలకైతే ఆదాయంతో సంబంధం లేదు. అంటే మన టీచరమ్మకి జీతం వస్తున్నా అర్హురాలే, ఇడ్లీ బండి నడిపే ఆమె కూడా. కర్ణాటక రాష్ట్ర న్యాయసేవల ప్రాధికార ఆఫీసు హెచ్.సిద్ధయ్య రోడ్డులోని న్యాయ దేగుల భవనంలో ఉంది. దేశమంతటా పనిచేసే హెల్ప్‌లైన్ నంబరు 15100. అక్కడికి వెళ్లేటప్పుడు ఇన్‌వార్డ్ సీలున్న అర్జీ నకలు, ఆర్టీఐ జవాబులు వరుసగా పెట్టుకుని వెళ్తే, ఇచ్చిన లాయర్‌కి కేసు మొదటి రోజే అర్థమవుతుంది.